కంపు మీది, కాసులు మావి

వ్యాపారం పెట్టాలని ఉబలాటపడే మన కుర్రాళ్లు హోటలా, సాఫ్ట్‌వేరా, ప్లాట్లా అని తల బద్దలుకొట్టుకుంటారు. హోటలు పెడితే నెల తిరక్కుండా పక్కనే ఇంకోటి లేస్తుంది. ప్లాట్లు వేస్తే తెల్లారుజామున బుల్డోజరు వస్తుంది. ఇంగ్లండులో ఈ బాధలేవీ లేని వ్యాపారం ఒకటుంది. ముడిసరుకు కొనక్కర్లేదు. కోట్లమంది పొద్దున్నే లేచి, ఎవరి ఇంట్లో వాళ్లు తయారుచేసి, గొట్టంలో వేసి మీకే పంపిస్తారు. సరుకు పంపినందుకు మీరు డబ్బివ్వరు, వాళ్లే మీకిస్తారు. మీ సేవ నచ్చక వేరే కంపెనీకి పోదామన్నా దారి లేదు. వీధి కింద ఉన్న గొట్టం ఒక్కటే, అది మీదే. మాంద్యం వచ్చినా గిరాకీ తగ్గదు, యుద్ధం వచ్చినా తగ్గదు. చేయాల్సిన చాకిరీ అల్లా ఆ సరుకును శుద్ధి చేసి నదిలోకి వదలడం. శుద్ధి చేయకుండానే వదిలితే? నది పోలీస్ స్టేషనుకు వెళ్లదు కదా.

ఆ వ్యాపారం పేరు మురుగు. 1989లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇంగ్లండు, వేల్స్‌లలోని పది ప్రాంతీయ నీటి సంస్థలను షేర్ మార్కెట్లో అమ్మేసింది. కుళాయి, కాలవ, శుద్ధి కేంద్రం, జలాశయం అన్నీ కలిపి ఒకే మూట. అమ్మేముందు ఆ సంస్థల నెత్తిన ఉన్న దాదాపు 500 కోట్ల పౌండ్ల అప్పును ఖజానా మాఫీ చేసింది. అది చాలదన్నట్టు మరో 150 కోట్ల పౌండ్లు కట్నంగా చేతిలో పెట్టింది. అప్పు తీర్చి, కట్నమిచ్చి, ఇల్లరికం తెచ్చుకున్న ఈ అల్లుడు ఇక బుద్ధిగా సంసారం చేసుకుంటాడని ప్రభుత్వం నమ్మింది. అల్లుడు పాతికేళ్లు తిరక్కుండా కొత్తగా వేల కోట్ల పౌండ్ల అప్పు చేశాడు. మూడున్నర దశాబ్దాలకు ఆ పరిశ్రమ మొత్తం అప్పు 6,000 కోట్ల పౌండ్లు దాటింది. ఈలోగా వాటాదారులకు డివిడెండ్ల రూపంలో వెళ్లిందీ వేల కోట్లే.

అమ్మకానికి ముందు నదులు గంగాజలంలా ఉండేవని నేననడం లేదు. అప్పట్లో మురుగు వదిలేదీ ప్రభుత్వ సంస్థే, వదలొద్దని గద్దించాల్సిందీ ఆ సంస్థే. పెట్టుబడి అడిగితే ఖజానా మొహం తిప్పుకొనేది. బ్రిటన్‌కు ‘యూరప్ మురికివాడు’ అన్న బిరుదు ఆ రోజుల్లోనే వచ్చింది. కాబట్టి గొట్టాలు ఒకరి చేతికి, కర్ర వేరొకరి చేతికి ఇవ్వాలన్న వాదనలో తప్పులేదు. ధరలు చూడటానికి ఆఫ్‌వాట్ పెట్టారు. నదులు చూడటానికి ఒక సంస్థను పెట్టారు, 1996లో అది ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీలో కలిసింది. తాగునీటికి ఇంకొక తనిఖీ శాఖ. కాపలాకు ముగ్గురన్నమాట. కాగితం మీద ఇంత పకడ్బందీ కాపలా లంకలో కూడా లేదు.

తమాషా 2009లో మొదలైంది. శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటి శాంపిళ్లను ఏజెన్సీ సిబ్బంది తీయడం మానేశారు. ఇకపై కంపెనీలే తీసుకుంటాయి, కంపెనీలే పరీక్ష చేయించుకుంటాయి, ఫలితం ఏజెన్సీకి పంపిస్తాయి. దొంగనూ పోలీసునూ విడదీయడానికి దేశంలోని మురుగు గొట్టాలన్నీ అమ్మి, ఇరవై ఏళ్లకు పోలీసు లాఠీ తీసుకెళ్లి దొంగ ఇంట్లోనే భద్రంగా దాచారు. అప్పటి సంభాషణ ఇలా సాగి ఉంటుందని నా ఊహ.

“ఏమండీ, నిన్న రాత్రి నదిలోకి ఏమైనా వదిలారా?”

“చూసి చెబుతామండీ.”

“ఎప్పుడు?”

“వార్షిక నివేదికలో రంగుల బొమ్మలతో సహా వస్తుంది సార్.”

“మరి శాంపిలు తీయొద్దూ?”

“మీకెందుకండీ శ్రమ, మేమే తీస్తాం. మంగళవారం పెట్టుకుందామా? సోమవారం కాస్త సర్దుకోవాలి.”

చివరి మాట నేను కల్పించానని మీరనుకోవచ్చు. నిజం నా కల్పనకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. ఆగ్నేయ ఇంగ్లండులోని సదరన్ వాటర్ సంగతి వినండి. శాంపిలు ఏ రోజున తీయాలో కేంద్రాల్లో వాళ్లకు ముందే తెలుసు. ఆ రోజు వచ్చేసరికి చిత్రంగా శుద్ధి కేంద్రం నుంచి చుక్క నీరు బయటికొచ్చేది కాదు. మురుగును ట్యాంకర్లకెత్తి వేరే చోటికి తరలించేవాళ్లు, లేదా లోపలే తిప్పుతుండేవాళ్లు. నీరే రాకపోతే శాంపిలు ఎక్కడిది? శాంపిలు లేకపోతే తప్పెక్కడిది? 2010 నుంచి 2017 వరకు నడిచిన ఈ ఇంద్రజాలాన్ని 2019లో ఆఫ్‌వాట్ బయటపెట్టింది. ఏజెన్సీ అధికారులు రికార్డుల కోసం వెళ్తే అడ్డుకున్నందుకు అదే ఏడాది ఐదుగురు ఉద్యోగులు కోర్టులో దోషులుగా తేలారు. ఆ ఐదుగురిలో బోర్డు మీటింగులో కూర్చునేవాడు ఒక్కడూ లేడు. లాగ్‌బుక్కు దాచిన చేతికి శిక్ష పడింది. దాచమన్న నోటికి పడలేదు.

2021 జులైలో కాంటర్‌బరీ కోర్టు అదే కంపెనీకి 9 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. 2010-15 మధ్య 6,971 సార్లు చట్టవిరుద్ధంగా మురుగు వదిలినట్టు కంపెనీ ఒప్పుకుంది. అదీ ఎక్కడికి? కెంట్, హాంప్‌షైర్, ససెక్స్ తీరాలకు. జనం స్నానాలు చేసే బీచ్‌లకు, ఆల్చిప్పలు పెంచే నీళ్లకు. తీర్పు వచ్చిన మరుసటి నెలలోనే ఆ కంపెనీలో సింహభాగం కొనడానికి 100 కోట్ల పౌండ్లు పట్టుకుని ఒకరొచ్చారు. ఆస్ట్రేలియా పెట్టుబడి సంస్థ మెక్వారీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మీటర్లు పెట్టలేదా అంటే పెట్టారు. ఇంగ్లండు పాత పట్టణాల్లో వాననీరూ ఇంటి మురుగూ ఒకే గొట్టంలో పోతాయి. పెద్ద వాన పడి గొట్టం నిండితే ఇళ్లలోకి తన్నకుండా నదిలోకి వదలడానికి తూములుంటాయి. అసాధారణమైన వానకు మాత్రమే అనుమతి. అలాంటి తూములు 14 వేలకు పైనే. 2023 ఆఖరుకి అన్నిటికీ మీటర్లు అమరాయి, ప్రభుత్వం చప్పట్లు కొట్టుకుంది. ఆ మీటరు చెప్పేదల్లా తూము ఎంతసేపు పారిందన్నదే. ఎంత పారిందో దానికి తెలియదు. గ్లాసుడు పోయినా చెరువుడు పోయినా దాని లెక్కలో గంటే. ఆ లెక్కలోనే 2023లో 4,64,056 సార్లు తూములు వదిలాయి, మొత్తం 36 లక్షల పైచిలుకు గంటలు. ఈ గంటలన్నీ ఒకే తూముకి కట్టామనుకోండి, 411 ఏళ్లు పైబడతాయి. అంటే 1611లో ఇంగ్లీషు కంపెనీ మన మచిలీపట్నంలో కొట్టు తెరిచిననాటి నుంచి రాత్రనక పగలనక పారుతూ ఉండాలి. ఆ దేశంలో అసాధారణమైన వాన అంత సాధారణం. వాన లేని రోజుల్లోనూ పారిన తూములున్నాయని తవ్వి తీసింది కూడా కాపలావాళ్లు కాదు, నది ఒడ్డున ఉండే రిటైర్డు ప్రొఫెసర్లు, చేపలు పట్టుకునేవాళ్లు. వాళ్ల తరఫున పాతకాలపు రాక్ గాయకుడు ఫియర్గల్ షార్కీ టీవీల్లో అరవాల్సి వచ్చింది. ముగ్గురు కాపలాదార్లున్న దేశంలో నదికి దిక్కు ఒక గాయకుడు.

ఇంగ్లండువాళ్లకు కంపు తెలియదా అంటే బ్రహ్మాండంగా తెలుసు. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కుళ్లి, ఒడ్డునే ఉన్న పార్లమెంటులో సభ్యులు ముక్కులు మూసుకున్నారు. కర్టెన్లను సున్నపు క్లోరైడు నీళ్లలో ముంచి కిటికీలకు కట్టారు. పేటల్లో కలరాతో వేలమంది పోయినప్పుడు కదలని పార్లమెంటు, కంపు తన ముక్కుకే తగిలేసరికి 18 రోజుల్లో చట్టం చేసింది. జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు ప్రజల డబ్బుతో లండన్ కింద మహా కాలవలు కట్టాడు. అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. నేటి కంపెనీ వసూలు చేసే బిల్లులో సగం గొప్ప ఆ మీసాలాయనదే. ఆ మురుగు చట్టం అమల్లోకొచ్చిన తేదీ 1858 ఆగస్టు 2. సరిగ్గా అదే రోజున ఇంకో చట్టానికీ రాణి ముద్ర పడింది. ఈస్టిండియా కంపెనీ చేతిలోంచి భారతదేశాన్ని ప్రభుత్వం తీసుకునే చట్టం. ప్రైవేటు కంపెనీకి దేశాన్ని అప్పగిస్తే ఏమవుతుందో, మురుగును గాలికి వదిలేస్తే ఏమవుతుందో ఆ పార్లమెంటుకు ఒకే రోజున అర్థమైంది. ఇంకో సంగతి. కంపెనీ చేతిలోంచి దేశం పోయింది గానీ దాని వాటాదారుల డివిడెండు పోలేదు. ఏటా పదిన్నర శాతం చొప్పున 1874 దాకా ముట్టింది, అదీ మన దేశపు రాబడిలోంచి. లండన్ వాటాదారుడి డివిడెండు ఎంత గట్టి పిండమో తెలుగువాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు థేమ్స్ వాటర్. సుమారు కోటీ అరవై లక్షల మందికి నీళ్లో, మురుగో, రెండూనో చూసే కంపెనీ. లండన్‌లోనూ రెడింగ్, స్లౌల్లోనూ ఉన్న మన తెలుగు కుటుంబాలు బిల్లు కట్టేది దీనికే. దీన్ని 2006 నుంచి 2017 వరకు ఏలింది మెక్వారీ నాయకత్వంలోని పెట్టుబడిదారులు. ఆ పదకొండేళ్లలో కంపెనీ అప్పు 1,000 కోట్ల పౌండ్లు దాటింది. 2017 మార్చిలో మెక్వారీ తన చివరి వాటా అమ్ముకుంది. అదే నెలలో, 2012-14 నాటి మురుగుకు గాను కంపెనీకి 2 కోట్ల 3 లక్షల పౌండ్ల జరిమానా పడింది. విందు తిన్నవాళ్లు వెళ్లిపోయారు, విస్తళ్లు ఎత్తే పని తర్వాతివాళ్లకు మిగిలింది. ఆ తర్వాతివాళ్లలో చైనా సర్కారు నిధి, అబూధాబీ నిధి, కెనడా పెన్షనర్ల నిధి ఉన్నాయి. అంటే ఇంగ్లండు మురుగు మీద ఇంగ్లండు ప్రభుత్వానికి తప్ప మిగతా ప్రభుత్వాలకు హక్కు చిక్కింది. వెసెక్స్ వాటర్‌ను కొంతకాలం అమెరికా ఎన్రాన్ ఏలింది. అదే ఎన్రాన్ మన దేశంలో పెట్టిన దభోల్ కరెంటు కేంద్రం గుర్తున్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి నవ్వుకోవచ్చు.

లండన్ మురుగు పాఠం చదువుకున్నాక మెక్వారీ ఎక్కడికెళ్లింది? 2018లో మన దగ్గరికే వచ్చింది. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది జాతీయ రహదారి భాగాల టోల్ హక్కులను ముప్ఫై ఏళ్లకు, 9,681 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. తప్పేమీ లేదు, టెండర్లో నెగ్గింది. రోడ్డయితే గుంత కనిపిస్తుంది, డ్రైవరు బూతులు తిడతాడు. గొట్టం భూమిలో ఉంటుంది. వ్యాపారానికి ఆ తేడా చాలు.

2025 మే నెలలో ఆఫ్‌వాట్ ఒళ్లు విరుచుకుని థేమ్స్ వాటర్‌కు చరిత్రలోకెల్లా పెద్ద జరిమానా వేసింది: 12 కోట్ల 27 లక్షల పౌండ్లు. మురుగు తప్పులకు కొంత, ఇవ్వకూడని డివిడెండ్లు ఇచ్చినందుకు కొంత. కాపలాదారు మేల్కొన్నాడని పత్రికలు రాశాయి. మూడు నెలలు తిరక్కుండా జరిమానాకు వాయిదాల పథకం ఖరారైంది. ముందుగా ఐదో వంతు, మిగతాది తీరిక చూసుకుని. ట్రాఫిక్ చలానాకు ఈఎంఐ పెట్టమని మన ఊళ్లో హోంగార్డును అడిగి చూడండి. ఏం చేయమంటారు, గట్టిగా అడిగితే కంపెనీ దివాలా తీస్తుంది. దివాలా తీస్తే ప్రభుత్వమే ఆ గొట్టాలు పట్టుకోవాలి. అందుకే 2025 మొదట్లో కోర్టు అనుమతితో ఆ కంపెనీకి 300 కోట్ల పౌండ్ల దాకా అత్యవసర అప్పు పుట్టించారు. అప్పులో కూరుకుపోయినవాడిని అప్పుతోనే పైకి లాగారు. అప్పులిచ్చినవాళ్లు కూడా కుదురుగా లేరు, కంపెనీని నిలబెడతాం గానీ కొన్నేళ్లు జరిమానాల విషయంలో చూసీ చూడనట్టు ఉండండని బేరం పెట్టారు. ముందస్తు బెయిలు మన రాజకీయ నాయకుల సొత్తనుకున్నాం.

కాపలావాళ్ల మీద మరీ కోప్పడలేం. వాళ్లకీ పిల్లలున్నారు, భవిష్యత్తు ఉంది. ఆఫ్‌వాట్‌కు అధిపతిగా పనిచేసిన ఆవిడే తర్వాత థేమ్స్ వాటర్‌లో పెద్ద హోదాలో చేరారు, 2023లో కొంతకాలం ఇద్దరు తాత్కాలిక సారథుల్లో ఒకరయ్యారు. చట్టంలో దీనికి అడ్డేమీ లేదు.

బోనసుల మీద జనం మండిపడితే 2025లో దానికీ చట్టం వచ్చింది. తప్పుచేసిన కంపెనీల పెద్దలకు బోనసులు బంద్. అంతకుముందు థేమ్స్ వాటర్ కొత్త సీఈఓ చేరిన మూడు నెలలకే 1,95,000 పౌండ్ల బోనసు అందుకున్నారు మరి. చట్టం వచ్చాక ఏమైంది? బోనసు అనే పేరు పోయింది. ఉద్యోగంలో నిలబెట్టుకోవడానికి ఇచ్చే సొమ్ము, మాతృసంస్థ ఇచ్చే సొమ్ము అని కొత్త పద్దులు పుట్టుకొచ్చాయి. చట్టం గుమ్మంలోంచి వస్తే డబ్బు పెరటి గుండా వెళ్లింది.

ఇంతలో బిల్లులు. 2024 డిసెంబరులో ఆఫ్‌వాట్ రానున్న ఐదేళ్లకు సగటున 36 శాతం పెంపుకు తలూపింది, ద్రవ్యోల్బణం దానికి అదనం. కారణం చక్కగా చెప్పారు: పాత గొట్టాలు మార్చాలి, శుద్ధి కేంద్రాలు పెంచాలి. మంచిదే. అయితే ఇన్నేళ్లు బిల్లు కట్టింది దేనికి? ఇల్లు బాగుచేస్తానని అద్దె పెంచి, ఆ అద్దెతో కార్లు కొనుక్కుని, పైకప్పు కారుతోంది కాబట్టి మళ్లీ అద్దె పెంచుతానంటే మన హైదరాబాదు ఓనరు కూడా కాస్త మొహమాటపడతాడు.

చివరికి ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు మాజీ డిప్యూటీ గవర్నర్ సర్ జాన్ కన్‌లిఫ్ దానికి అధ్యక్షుడు. మొత్తం వ్యవస్థను కూలంకషంగా పరిశీలించి ఏ సూచనైనా చేయవచ్చని చెప్పారు, జాతీయం చేయడం తప్ప. వైద్యుణ్ణి పిలిచి ఏ మందైనా రాయండి, ఆ ఒక్కటీ మాత్రం వద్దన్నారు. ఆయన 2025 జులైలో 88 సిఫార్సులు ఇచ్చారు. ఆఫ్‌వాట్‌ను ఎత్తేసి, నీటికి సంబంధించిన కాపలా పనులన్నీ ఒకే కొత్త సంస్థకు అప్పగించాలన్నారు. ప్రభుత్వం వెంటనే ఒప్పుకుంది. కంపెనీలు తమ శాంపిళ్లు తామే తీసుకునే పద్ధతికీ స్వస్తి చెబుతామంది. మంచి మాట, పదహారేళ్ల ఆలస్యం. ముప్ఫై ఆరేళ్ల కథలో ఇప్పటిదాకా పదవి పోతున్నది కాపలాదారుకే. గొట్టాల యజమానులు గొట్టాల దగ్గరే ఉన్నారు.

ప్రభుత్వ గొట్టం పన్నీరు పారిస్తుందని ఎవరూ అనకండి. స్కాట్లాండులో నీటి సంస్థ ప్రభుత్వానిదే, అక్కడా తూములు పొంగుతాయి. వేల్స్‌లో 2001 నుంచి వాటాదారులు లేని కంపెనీ నడుస్తోంది, దానికీ చీవాట్లు పడ్డాయి. తేడా ఒక్కటే, అక్కడ పొంగిన మురుగు మీద ఎవరికీ డివిడెండు రాదు. ఇంగ్లండులోనైతే 2024లో ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ పడవ పందెం గెలిచిన జట్టు తన చుక్కాని మనిషిని థేమ్స్‌లోకి విసిరే ఆనవాయితీని మానుకోవాల్సి వచ్చింది. నీళ్లలో ఈ-కోలై ఎక్కువగా ఉందని ముందే హెచ్చరించారు. ప్రపంచానికి బాత్రూము మర్యాదలు నేర్పిన దేశం మరి.

మనవాళ్లు నవ్వడానికి తొందరపడొద్దు. 2006 నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు దాటిన కట్టడానికి పర్యావరణ అనుమతి కావాలి, ఆ అనుమతిలో ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి కేంద్రం, ఒక షరతు. అలా హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లో ప్రతిచోటా ఒక బుల్లి ప్రైవేటు మురుగు సంస్థ వెలిసింది. బిల్డరు కట్టి తాళాలిచ్చి పోతాడు. దాంట్లో గాలి ఊదే బ్లోయర్ నడిపితే కరెంటు బిల్లు, ఆపితే మెయింటెనెన్స్ తగ్గించిన అసోసియేషన్ అధ్యక్షుడికి పూలదండ. లాగ్‌బుక్కులో మాత్రం బ్లోయర్ రోజూ 24 గంటలూ తిరుగుతుంది. రాత్రి ట్యాంకరు వచ్చి ఎత్తుకెళ్లిన మురుగు ఏ చెరువులో దిగిందో వాచ్‌మన్‌కు తెలుసు, కాలుష్య నియంత్రణ మండలికి తెలియదు. ఇక సెప్టిక్ ట్యాంకుల సంగతి నవ్వుకు అందదు. ఇంగ్లండులో శాంపిలు తీయడానికి మనిషిని దింపకపోవడం కుంభకోణం. ఇక్కడ 2013 నాటి పాకీపని నిషేధ చట్టం వద్దన్నా రక్షణ సామగ్రి లేకుండా ట్యాంకులోకి మనిషిని దింపడమే పద్ధతి. మురుగు గొట్టాల్లో, ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారమివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు అది 10 లక్షలు. రేటు పెరిగింది, దింపడం ఆగలేదు.

మీ ఊరి కార్పొరేషను ఏదో ఒకరోజు మురుగు కాలవలనో శుద్ధి కేంద్రాలనో ప్రైవేటుకు అప్పగిస్తానంటుంది. అప్పుడు జెండాలు పట్టుకుని ప్రైవేటు జిందాబాద్, ముర్దాబాద్ అని గొంతు పోగొట్టుకోకండి. ఒప్పందం ముసాయిదా కాపీ సమాచార హక్కు కింద తెప్పించుకోండి. శాంపిలు ఎవరు తీస్తారు, చెప్పి వస్తారా చెప్పకుండా వస్తారా, జరిమానా ఎవరి జేబులోంచి కడతారు అన్న మూడు క్లాజులు చదవండి. ఆ మూడిట్లో ఏదైనా ‘నిర్వాహకుడే’ అనో ‘వినియోగదారుడే’ అనో కనిపిస్తే, సంతకాలు పడకముందే కోర్టుకెళ్లండి.